టౌన్‌ప్లానింగ్‌ని సిద్ధాంతిగారికి అప్పగిద్దాం

పర్యావరణానికి మేలు చేసే ఇళ్లు కట్టించడానికి మన ప్రభుత్వాలు చట్టాల్ని నమ్ముకున్నాయి, జీవోల్ని నమ్ముకున్నాయి, మధ్యలో కొన్నాళ్లు ప్రజల మాటనే నమ్ముకున్నాయి. నమ్ముకోనిది ఒక్క వాస్తునే. కాబట్టి మున్సిపాలిటీల్లో టౌన్‌ప్లానింగ్ విభాగాన్ని మూసేసి, ఆ కుర్చీల్లో సిద్ధాంతుల్ని కూర్చోబెట్టాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. నవ్వదలచుకున్నవాళ్లు ఆధారాలు విన్నాక నవ్వండి.

హైదరాబాద్‌లో ఏ కాలనీకైనా వెళ్లి చూడండి. 2012 నాటి జీవో 168 ప్రకారం ప్లాటు విస్తీర్ణాన్నీ భవనం ఎత్తునీ బట్టి చుట్టూ ఇంత ఖాళీ వదలాలి. సెట్‌బ్యాక్ అంటారు. గాలీ వెలుతురూ రావడానికి, ఫైరింజన్ తిరగడానికి, వాననీరు నేలలోకి దిగడానికి. శాంక్షనైన ప్లాన్‌లో ఆ ఖాళీ ముచ్చటగా కనిపిస్తుంది. స్లాబు పడేసరికి బాల్కనీ అందులోకి తొంగిచూస్తుంది. పై అంతస్తుకొచ్చేసరికి ఆ బాల్కనీ పిల్లాడి గదిగా మారుతుంది. అదే పని పక్కింటాయనా చేస్తాడు గనక, కిటికీలోంచి చెయ్యి చాపితే వాళ్ల కుండీలో కరివేపాకు అందుతుంది. మిగిలిన జానెడు నేలకి పార్కింగ్ టైల్స్. ఇంత చేసిన యజమాని రాత్రి పదింటికల్లా గురకపెడతాడు.

అదే యజమానితో సిద్ధాంతిగారు "ఈశాన్యం మూడంగుళాలు తెగిందండీ" అన్నారనుకోండి. ఆ రాత్రి కునుకు పట్టదు. తెల్లారేసరికి మేస్త్రి, గడ్డపార, కూలీలు. నోటీసు లేదు, కోర్టు స్టే లేదు, ఎమ్మెల్యేగారి ఫోను లేదు. కట్టిన గోడ తన ఖర్చుతో తనే పడగొట్టించుకుని, పడగొట్టమన్న పెద్దమనిషికి పళ్లెంలో పంచెలచాపు పెట్టి, కాళ్లకి దండం పెట్టి పంపిస్తాడు. మన పురపాలక చరిత్రలో కూల్చమన్న అధికారికి బట్టలు పెట్టిన దాఖలా ఒక్కటి చూపించండి, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

తేడా అంతా శిక్షలో ఉంది. మున్సిపాలిటీ దృష్టిలో తప్పు చేస్తే జరిమానా. కొన్నాళ్లు ఓపిక పడితే, డబ్బు కట్టించుకుని తప్పుని సక్రమం చేసే స్కీము. 2007లో పీనలైజేషన్ స్కీము వచ్చింది. 2015లో బీఆర్‌ఎస్ వచ్చింది (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము. పార్టీ ఆ పేరు పెట్టుకున్నది 2022లో). అనుమతిలేని లేఅవుట్లకి ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీము) 2007లో ఒకటి, 2015లో ఒకటి, 2020లో ఒకటి. ఆఖరిదానికి తెలంగాణ అంతటా 25 లక్షల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. 2025లో ఫీజు చెల్లించండి బాబూ అని 25 శాతం రాయితీ కూడా ప్రకటించారు, ఆషాఢం సేల్‌లో చీరలకి ఇచ్చినట్టు. తప్పుకి ధర ఉన్నప్పుడు, ఆ ధరకి తగ్గింపు కూడా ఉన్నప్పుడు, బిల్డర్ దాన్ని తప్పని ఎందుకనుకుంటాడు? ఇసుక, సిమెంటు, స్టీలు, డీవియేషన్ అని ఎస్టిమేట్‌లో ఒక పద్దు రాసుకుంటాడు. నిబంధన ప్రకారం ఖాళీ వదిలి, చెట్టు నాటి, గుంత తవ్వి కట్టుకున్న అమాయకుడికి మాత్రం ఏ స్కీమూ వర్తించదు. పాపం, క్రమబద్ధీకరించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

నైరుతిలో గొయ్యి తవ్వినవాడికి వన్‌టైమ్ సెటిల్‌మెంట్ ఉందేమో కనుక్కోండి. లేదు. దోషం పోతుందని రాగి పిరమిడ్లు అమ్మేవాళ్లున్నారు గానీ, అవి కొన్న ఏ ఇల్లాలికీ పూర్తిగా మనశ్శాంతి దొరికినట్టు నేను వినలేదు.

ప్రజల్ని నమ్మే ప్రయోగం 2020లో టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానంతో జరిగింది. 75 గజాల లోపు ప్లాటులో చిన్న ఇల్లయితే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే స్వీయ ధ్రువీకరణ, అక్కడికక్కడే అనుమతి. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లకి అది నిజంగానే వరం, ఆ మాట కాదనను. కాకపోతే తన సెట్‌బ్యాక్ తనే కొలుచుకోమంటే, తెలుగువాడి టేపు కాస్త సాగుతుంది.

ఇక ఇంకుడు గుంత. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నుంచీ వాననీటిని నేలకి దింపమంటున్నారు. అపార్టుమెంట్లలో ఆ గుంత ఉంటుంది, లేదని నేను అనను. నాలుగు సిమెంటు వరలు, పైన ఇనుప మూత, మూత మీద వాచ్‌మన్ మోటార్‌సైకిల్. పైకప్పు నుంచి వచ్చే పైపు మాత్రం దానికి కాస్త దూరంలో ఆగిపోయి రోడ్డుకేసి చూస్తుంటుంది. వేసవిలో ఆ ఇంటికే ట్యాంకర్ వస్తుంది. అదే ఇంట్లో బోరు మాత్రం అంగుళం తేడా లేకుండా ఈశాన్యంలోనే ఉంటుంది! సిద్ధాంతిగారు "బోరు పక్కనే గుంత తవ్వి, పైకప్పు నీళ్లు దింపకపోతే ఇంట్లో డబ్బు నిలవదు" అని ఒక్క ముక్క అంటే, వచ్చే వానాకాలానికి భూగర్భజలాలు పొంగిపొర్లవూ?

శాస్త్రానికి విరుద్ధం అనేవాళ్లకి ఒక్క మాట. తూర్పు, ఉత్తరం ఎక్కువ ఖాళీ వదలండి, పడమర, దక్షిణం గోడలు బరువుగా, కిటికీలు తక్కువగా కట్టండి అంటుంది వాస్తు. మన మే నెల మధ్యాహ్నం ఎండ ఎటునుంచి కొడుతుందో తెలిసినవాడెవడైనా అదే అంటాడు. గచ్చిబౌలి వైపు వెళ్తే పడమటి గోడ నిండా గాజు బిగించి, ఆ వేడిని తోడిపోయడానికి రోజంతా ఏసీలు తిప్పే మేడలు కనిపిస్తాయి. దేశంలో మొట్టమొదటి ప్లాటినం రేటింగ్ హరిత భవనం 2003లో ఈ నగరంలోనే వెలిసింది కూడానూ. రెండు శాస్త్రాలూ ఒకే ఇంటికి దండ వేసిన సందర్భం కూడా ఉంది. పాత సచివాలయం కూల్చివేతకి వాస్తే కారణమని ప్రతిపక్షాలు, కాదు భద్రత అని ప్రభుత్వం వాదించుకున్నాయి. 2023లో లేచిన కొత్త సచివాలయానికి హరిత భవనంగా గోల్డ్ రేటింగ్ వచ్చింది.

నన్ను బాధించేది 111 జీవో. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996లో 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. 2022లో సడలించారు. 2023లో మొత్తమే ఎత్తేస్తామని మంత్రివర్గం చెప్పింది. జీవో కదా, రాసినవాళ్లే కొట్టేయగలరు. ఆ 1996లోనే ఎవరో పుణ్యాత్ముడు "జంట జలాశయాల ఎగువన ఇల్లు కడితే వంశానికి వీధిపోటు" అని ప్రచారం చేసి ఉంటే, ఏ మంత్రివర్గం రద్దు చేయగలిగేది? ఫాంహౌస్‌ల వాళ్లే ముందు ఖాళీ చేసి పారిపోయేవాళ్లు.

నా పథకంలో ఒక్క చిక్కుంది, దాచను. నైరుతిలో నీరుండటం మహాదోషం. అంటే ఇంటికి నైరుతిలో చెరువున్నవాడు ఆ చెరువుని పూడ్చాలనుకుంటాడు. దీనికి పరిష్కారం వెతుకుదామని ఎఫ్‌టీఎల్ మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాను. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే హద్దు. చెరువుల్లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు చంటిపిల్లలకీ తెలుసు. మ్యాపులో చెరువుంది, చుట్టూ ఏమీ కట్టకూడని 30 మీటర్ల బఫర్ ఉంది. అక్కడికి వెళ్లి చూస్తే కమాను, గేటు, "లేక్ వ్యూ" అని బోర్డు. నీళ్లు ఎప్పుడో పోయాయి కాబట్టి దోషం లేదని సిద్ధాంతిగారు తేల్చారు. ఆయనది అందులోనే ఒక ప్లాటుంది, ఈశాన్యం కార్నర్.