సవరణ: గండగై వరదలో జనాన్ని కాపాడింది ఒక్కరు కాదు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్న గండగై అనే చిన్న ఊరి గురించి రాస్తూ, 1852 జూన్ వరదలో జనాన్ని యారీ అనే విరాజురి ఆదివాసీ ఒంటరిగా కాపాడాడని చెప్పాను. అది తప్పు. ఊరి చరిత్ర రాతల ప్రకారం ఆయనతో పాటు జాకీ జాకీ కూడా ఉన్నాడు, మరికొందరు విరాజురి వాళ్లూ ఉన్నారు. యారీ చెట్టు బెరడుతో చేసిన చిన్న దోనెలో వెళ్లి, చెట్ల కొమ్మలు పట్టుకుని వేలాడుతున్నవాళ్లను ఒక్కొక్కరినే ఒడ్డుకు తెచ్చాడు. జాకీ జాకీ తెడ్ల పడవ నడిపాడు. వీళ్లంతా కలిసి కాపాడినది 60 మందికి పైగానే. ఊళ్లో ఉన్నదే సుమారు 250 మంది, అందులో 80 మంది దాకా చనిపోయారు. అలాంటి రాత్రి జాకీ జాకీ చేసిన పనిని వదిలేయడం చిన్న విషయం కాదు.

ఇంకో మాట. వరద ముంచిన వీధులే ఇవాళ్టి ఊరని కొందరు అనుకున్నారు. కాదు. పాత ఊరు మరంబిడ్జీ నది పక్కన పల్లంలో ఉండేది. అక్కడ నీళ్లొస్తాయని విరాజురి వాళ్లు ముందే హెచ్చరించినా వలసవాళ్లు వినలేదు. 1853లో మళ్లీ వరద వచ్చాక ఊరు మెరకకు మారింది. యారీ, జాకీ జాకీల కంచు విగ్రహాలు 2017లో వెలిశాయి. 165 ఏళ్లు పట్టింది, చాలా ఆలస్యం.

గండగై దగ్గరున్న, టక్కర్‌బాక్స్ (తిండి పెట్టె) మీద కూర్చున్న కుక్క విగ్రహం గురించి అప్పుడు రాసింది సరైనదే, దాన్ని ఆవిష్కరించింది 1932లోనే.