అమోనియా మామూలుగా ఉంటే మందును అనుమానించాలి

"పిల్లగాడు కక్కుతుండు, సోయి లేకుండ పడుంటుండు." యూరియా సైకిల్ లోపంతో పుట్టిన బిడ్డను ఎత్తుకొచ్చి తల్లి ఈ మాట అనగానే డాక్టరుకు ముందు అమోనియా గుర్తొస్తుంది. రావాలి కూడా. నత్రజనిని కాలేయం యూరియాగా మార్చలేనప్పుడు అమోనియా పెరిగి మెదడును దెబ్బతీస్తుంది. ఆలస్యమైతే ప్రాణం దక్కదు. మరి అమోనియా మామూలుగానే ఉందని రిపోర్టు వస్తే?

ఈ పిల్లలకిచ్చే ఫినైల్‌బ్యూటిరేట్ అనే మందు ఒంట్లో ఫినైల్‌అసిటేట్‌గా మారుతుంది. అది గ్లుటమిన్‌తో జతకట్టి, ఫినైల్‌అసిటైల్‌గ్లుటమిన్‌గా మూత్రంలో పోతుంది. అలా పోయే ఒక్కో అణువు రెండు నత్రజని పరమాణువులను మోసుకెళ్తుంది. యూరియా చేసే పనీ ఇదే. అయితే ఈ జతకట్టడానికి ఒక హద్దుంది. అది దాటితే ఫినైల్‌అసిటేట్ రక్తంలో పేరుకుంటుంది. బాగా పెరిగితే వాంతులు, తలనొప్పి, మగత. చూడటానికి అచ్చం అమోనియా పెరిగినట్టే! తేడా పట్టుకోకుండా మోతాదు పెంచారో, నిప్పు మీద నెయ్యి పోసినట్టే.

అందుకే రక్తంలో ఫినైల్‌అసిటేట్, ఫినైల్‌అసిటైల్‌గ్లుటమిన్‌కు ఎన్ని రెట్లుందో ఆ నిష్పత్తి చూడాలి. అది 2.5 దాటితే మోతాదు పెంచినా అదనంగా నత్రజని బయటికి పోకపోవచ్చు, ఫినైల్‌అసిటేటే పెరుగుతుంది. ఒక్క ఫినైల్‌అసిటేట్ అంకెను నమ్ముకోలేం, అది ఒకే రోజులో బాగా ఎగుడుదిగుడవుతుంది. మూత్రంలో ఫినైల్‌అసిటైల్‌గ్లుటమిన్ ఎంతుందో చూసే పరీక్షది ఇంకో ఉపయోగం: మందు నిజంగా కడుపులోకి పోయిందా లేదా అన్నది తెలుస్తుంది. సోడియం ఫినైల్‌బ్యూటిరేట్ రుచి తెలిసినవాళ్లెవరూ ఉమ్మేసిన పిల్లాణ్ని తప్పుపట్టరు.

లోపలికి ఎంత పోయిందో కాదు, ఒంట్లో ఏమైందో చూడాలన్నదే ఇక్కడి సంగతి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి ఊరుకోకుండా, మూత్రంలో ఎంత పోతోందో కూడా చూడాలన్నది నల్లగొండకు కొత్త పాఠం కాదు. మేనరికాలు ఉన్న మన దగ్గర ఇలాంటి జన్యులోపాలను ఎక్కడో ఉండే జబ్బులని తోసేయలేం కూడా.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఈ జబ్బులకు ఒక కేంద్రంగా ఉన్నాయి. రోగికి సాయం 50 లక్షల దాకా అందొచ్చు. మందు మంజూరయ్యే ఫైల్లోనే ఈ పరీక్షల ఖర్చూ ఉండాలని నా వాదన. అమోనియా నమూనాను వెంటనే ఐసులో పెట్టాలి, ఆలస్యమైతే అంకె తప్పుగా పెరుగుతుంది. కాబట్టి ఆ పరీక్ష నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రుల్లోనే జరగాలి. మిగతా నమూనాలు హైదరాబాద్ పోతే చాలు. సోయిలేని బిడ్డను భుజాన వేసుకుని తల్లి వంద కిలోమీటర్లు బస్సులో పోనక్కర్లేదు.