సవరణ: ఆ థ్రిల్లర్ పిల్లలతో చూసేది కాదు

మొన్నటి రివ్యూలో ఆ థ్రిల్లర్ గురించి "రక్తపాతం లేదు, యూఏ 13+ సర్టిఫికెట్టే, ఇంటిల్లిపాదీ చూడొచ్చు" అని రాశాను. అది తప్పు. నా మాట నమ్మి పిల్లలతో కూర్చున్నవాళ్లు నన్ను క్షమించాలి.

నిన్న మా పదేళ్ల పాపతో కలిసి మళ్లీ చూశాను. కిడ్నాప్ సీన్లో తలుపు మూసుకుంటుంది, తెరమీద ఏమీ చూపించరు. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తుంది. కాసేపటికి అదీ ఆగిపోతుంది. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఆ అక్కకి ఏమైంది?" అంది. రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. రక్తం కనిపిస్తుందా లేదా అన్నదే చూశాను తప్ప, చెవిన పడేదాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. నిజానికి ఈ సినిమాలో భయమంతా సౌండ్‌లోనే ఉంది.

సర్టిఫికెట్ సంగతీ సరిగ్గా చెప్పలేదు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టంతో పాత యూఏ సర్టిఫికెట్ 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. 13+ అంటే అంతకన్నా చిన్నపిల్లలకు చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని అర్థం. 18 లోపువాళ్లకు ప్రవేశం లేనిది 'ఏ' సర్టిఫికెట్ సినిమాకే.

రివ్యూలో ఆ వాక్యం తీసేసి, "పదమూడు దాటినవాళ్లకు, అదీ పెద్దలు ముందు ఒకసారి చూశాకే" అని మార్చాను.