పెరుగు వడ్డించకముందే అయిపోయే పెళ్లి సినిమాలు

శుక్రవారం సాయంత్రం చుట్టాలు దిగుతారు. శనివారం కొట్టుకుంటారు. ఆదివారం తాళి కట్టించి, సోమవారం పొద్దున్నే ఎవరి ఆఫీసుకు వాళ్లు పోతారు. పెళ్లింటి గందరగోళం మీద తీసే హాస్య చిత్రాల్లో పంచాంగం ఇంత సర్దుకుపోతుంది. నెల్లూరు జిల్లా పంచాంగానికి ఈ వారాంతపు సెలవుల సంగతి ఇంకా ఎవరూ తెలియజేసినట్టు లేదు. మూఢాలు, ఆషాఢం, మంగళవారాలు తీసేశాక మిగిలిన లగ్నం బుధవారం రాత్రి 2 గంటల 48 నిమిషాలకు పడుతుంది. ‘తెల్లవారితే గురువారం’ అని శుభలేఖలో చిన్నక్షరాలతో వేస్తారు. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, సెల్‌ఫోనుకు అర్ధరాత్రితో. ఆ చిన్నక్షరాలు చదవని బంధువులు గురువారం రాత్రి పట్టుచీరల్లో వచ్చి, షామియానా విప్పుతున్న కుర్రాళ్లను భోజనాలు ఏ పక్కనో అడుగుతారు. ఇంత సరుకు చేతిలో ఉండగా రచయితలు పెళ్లికూతురిని కిడ్నాప్ చేయిస్తారు.

కిడ్నాప్ కంటే ఘోరమైనది ‘ఆపండి!’ అనే కేక. మనకు సుముహూర్తమంటే జీలకర్ర బెల్లం. తెరకు అటొకరు ఇటొకరు కూర్చుని ఒకరి నెత్తిన ఒకరు పెట్టేసరికి లగ్నం దాటిపోయింది. తాళి ఆ తర్వాతెప్పుడో. కాబట్టి సూత్రం చేతిలోకి తీసుకున్న క్షణాన పరుగెత్తుకొచ్చే హీరో శాస్త్ర ప్రకారం ఆలస్యంగా వచ్చినవాడు. పోనీ, వచ్చాడనే అనుకుందాం. అప్పటికే పురోహితుడు వేలెత్తాడు, డోలూ నాదస్వరమూ గట్టిమేళం అందుకున్నాయి. తుమ్ములూ అపశకునపు మాటలూ ఎవరి చెవినా పడకూడదనే గట్టిమేళం పెట్టారు. పక్కన కూర్చున్న మేనమామ మాటే వినపడని చోట, గుమ్మం దగ్గర నిలబడి అరిచినవాడిది వినపడుతుందా? ఆ డైలాగుకు డబ్బింగ్ ఖర్చు కూడా దండగ. నెల్లూరులో పెళ్లి ఆపే అధికారం ఒక్క ఫొటోగ్రాఫరుకే ఉంది. “అన్నా, సూత్రం అట్నే పట్టుకో, ఇటు చూడు” అంటే పురోహితుడితో సహా అందరూ ఆగుతారు.

అమెరికాలో రాబర్ట్ ఆల్ట్‌మన్ 1978లో ఒక పెళ్లి సినిమా తీసి అందులో 48 పాత్రలు పెట్టాడని సినిమా చదువులు చదివినవాళ్లు గొప్పగా చెబుతారు. కోవూరులో 48 మందంటే మగపెళ్లివారి మొదటి బస్సు. చిక్కు సంఖ్యలో లేదు, పరిచయంలో ఉంది. 140 నిమిషాల సినిమాను 28 మందికి పంచితే తలకు 5 నిమిషాలు. అందులో ఒక నిమిషం కారు దిగి నల్ల కళ్లద్దాలు తీయడానికే సరి. పందిట్లో ముందు వరసలో ఒక పెద్దామెను కూర్చోబెడితే ఈ ఖర్చంతా మిగులుతుంది. “ఎవురబ్బాయివి? యా ఊరు? బుచ్చిలో ఎవురోళ్లు నాయనా?” మూడు ప్రశ్నల్లో తాతగారి రెండో సంసారం కూడా బయటపడుతుంది. యాస మాత్రం నేర్చుకుని రావాలి. పాతతరం హాస్యనటుడు రమణారెడ్డి నెల్లూరు జిల్లా మనిషి గనక సరిపోయింది. ఇప్పటి నటులకు ‘ఏందిరా సామీ’ అని రెండుసార్లు అంటే జిల్లా పూర్తయినట్టే.

ఇక అసలు విషయం, బంతి భోజనం. పగటి ముహూర్తం, 800 మంది, బంతికి 100 ఆకులు, బంతికి 40 నిమిషాలు అనుకోండి. ఎనిమిది బంతులకు 5 గంటల 20 నిమిషాలు. అక్షింతలు పడగానే 500 మంది ఒక్కసారి లేస్తారు, కుర్చీలు వందే ఉంటాయి. అప్పుడు పుడతాడు కథానాయకుడు: తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడ్డ మనిషి. అతని చూపు ముందున్నవాడి ఆకు మీదే. పప్పులో ఉంటే ఇంకా 25 నిమిషాలు, సాంబారులో ఉంటే 15, పెరుగు పడితే 5. ముందున్నవాడు తాపీగా రెండోసారి సాంబారు అడిగినప్పుడు వెనకవాడి ముఖం చూపిస్తే చాలు, హాస్యనటుణ్ణి బురదగుంటలో పడేయాల్సిన పనిలేదు. పదేళ్లుగా మాటల్లేని తోటికోడళ్లలో ఒకామెను రెండో ఆమె కుర్చీ వెనక నిలబెడితే ఫ్లాష్‌బ్యాక్ కూడా అక్కర్లేదు.

దర్శకులు దీని జోలికి రాకపోవడానికి కారణం ఉంది. టేకు టేకుకూ వంద ఆకులు మళ్లీ మొదటికి రావాలి. కొరికిన బూరె కొరికినంతే ఉండాలి. దూరపు షాటులో సగం తిన్న పప్పన్నం దగ్గరి షాటులో నిండుగా కనపడితే అంతే సంగతులు, అందుకే ప్రతి ఆకుకూ ఫొటో తీసి పెట్టుకోవాలి. లైట్ల వేడికి అరటాకు వాడుతుంది, కాబట్టి రెండింతల ఆకులు తెప్పించాలి. ఏడో టేకుకు నటులు నమలడం మానేస్తారు. మందు ఒకటే: మూడు కెమెరాలు పెట్టి, పొద్దుటి నుంచి టిఫిను పెట్టని జూనియర్ ఆర్టిస్టులను కూర్చోబెట్టి ఒకే టేకులో తీయడం. ఇంత బాధ ఎందుకని డ్రోను ఎగరేస్తారు. డ్రోనుకు షామియానా కప్పు బాగా కనపడుతుంది.

కరెంటు పోతే నిప్పురవ్వలు చిమ్మించడం కూడా మానుకోవాలి. జనరేటరు బాగానే ఉంటుంది, నడిపేవాడు రెండో బంతిలో ఉంటాడు.

వానకు కొదవలేదు. 2021 నవంబరులో, కార్తీకమాసంలోనే, పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజున ఒంగోలు నుంచి దిగాల్సిన మగపెళ్లివారు ఏటికి అవతల, వండిన వంట ఇవతల. ఏ విలనూ చేయలేని పని ఇది, పైగా పారితోషికం అడగదు.

చివరగా చేపల పులుసు. ముహూర్తపు విస్తట్లో దాన్ని చూపించినవాళ్లకు జిల్లాలో షూటింగు అనుమతి రద్దు చేయాలి. అది మరునాటి విందుది. 300 మందికి తలకు రెండు ముక్కలు, ముక్క వంద గ్రాములు వేసుకున్నా 60 కిలోల ముక్కలు. పొలుసూ తలా పేగులూ తీసేస్తే అంత మిగలాలంటే 90 కిలోల దాకా చేప కొనాలి. వైశాఖపు పెళ్లయితే పచ్చి మామిడికాయ పడుతుంది, కార్తీకానికి చింతపండే దిక్కు. ముందురోజు రాత్రే దించి ఉంచితేనే ముక్కకు పులుపు పడుతుంది. ఇంట్లో అయితే కుండను గుడ్డతో పట్టుకుని తిప్పుతారు. ఇంత పెద్ద గిన్నెను ఎవరూ తిప్పలేరు గనక వెడల్పాటి గిన్నెలు నాలుగైదు పెట్టి, ముక్క మీద ముక్క పడకుండా పరచాలి. హీరో సరదాగా వంటశాలలోకి దూరి గరిటె పెట్టి కలియబెట్టే దృశ్యం ప్రతి సినిమాకూ ఉంటుంది. ఆ గరిటెతో 600 ముక్కలూ ముద్దవుతాయి. ఈ ఒక్క దృశ్యానికి సెన్సారు వాళ్లు ‘పెద్దలకు మాత్రమే’ అని వేసినా అభ్యంతరం లేదు.