హైపర్‌టెన్షన్‌లో ఉన్నది మీరనుకునే టెన్షన్ కాదు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ వాట్సాప్ మెసేజ్. “హైపర్ అంటే అతి. హైపర్‌టెన్షన్ అంటే అతిగా టెన్షన్ పడటం. టెన్షన్ మానేయండి, బీపీ బిళ్ళ అక్కర్లేదు.” దాని కింద ఇంకో మూడు ముక్కలు. పంపినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, నాకు కావలసినవాళ్ళే. అందుకే రాస్తున్నాను.

మొదటి ముక్క: హైపర్ ‘హైప్’ నుంచి పుట్టిందట. హైప్ అనేది పోయిన శతాబ్దపు అమెరికా వాడుకమాట. హైపర్ రెండున్నర వేల ఏళ్ళ కిందటి గ్రీకులోనే ఉంది. చాలు.

హైపర్, హైపో ఒకటేనట. హైపర్ అంటే పైన, మించి. హైపో అంటే కింద, తక్కువ. షుగర్ మందు వాడే మనిషికి గ్లూకోజ్ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణికితే అది హైపో. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు తాగించాలి. రెండూ ఒకటేనని నమ్మినవాడు ఆ పూట ఏం చేస్తాడు?

అసలు ఘోరం టెన్షన్ దగ్గర జరిగింది. లాగి బిగించడం అనే లాటిన్ మాట అది. ఇక్కడ దానర్థం ధమనుల గోడల మీద రక్తం చూపే ఒత్తిడి. రక్తపోటు అని మనమే అంటాం కదా, అందులో దిగులు ఎక్కడుంది? మా పెద్దమ్మ ఆ మెసేజ్ చూసి మూడు వారాలు బిళ్ళ మానేసింది. “నాకేం టెన్షన్ రా, పిల్లలు సెటిలయ్యారు” అంది. చేతికి పట్టీ చుట్టి మిషన్ నొక్కితే 178/104. తలనొప్పి కూడా లేదు. ఏ నొప్పీ లేకుండానే గుండెనీ మెదడునీ కిడ్నీలనీ దెబ్బతీసే జబ్బు ఇది. కంగారు పడితే బీపీ కాసేపు పెరుగుతుంది, నిజమే. అంతమాత్రాన డాక్టర్ని అడక్కుండా బిళ్ళ ఆపమనడానికి నువ్వెవరు? రేపు పక్షవాతం వస్తే మంచం పక్కన కూర్చుని అన్నం తినిపించడానికి నువ్వొస్తావా?

ఇక చివరిది: గ్రీకులు మన ‘ఉపరి’ని ఎత్తుకుపోయి హైపర్ చేశారట. ఎత్తుకుపోలేదు. కానీ చుట్టరికం మాత్రం నిజం. ఉపరితలంలోని ఉపరి, గ్రీకు హైపర్, లాటిన్ సూపర్ ఒకే పాత భాష నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. హైపోకీ మన ఉపనదిలోని ‘ఉప’కీ కూడా అదే బంధుత్వం. ఈ ఒక్క ముక్కే పంపి ఉంటే నేనే పదిమందికి ఫార్వర్డ్ చేసేవాణ్ణి.