దువ్వే ఓపిక లేకపోతే పర్షియన్ వద్దు

చెన్నైలో పర్షియన్ పిల్లులు అమ్మేవాళ్ళ నోట నాలుగు మాటలు వినబడతాయి: డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్, ఎక్స్‌ట్రీమ్ పంచ్. ముక్కు ఎంత లోపలికి నొక్కుకుపోతే ధర అంత పైకి. మా లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. ఈ ఊళ్ళో పర్షియనే పెంచాలనుకుంటే ముక్కు నొక్కుకుపోని డాల్ ఫేస్ చాలు, మరీ చప్పిడి ముక్కు జోలికి వెళ్ళకండి.

కారణం ఉక్క. పిల్లికి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునే. ఒళ్ళు నాక్కుంటే ఆ తడి ఆరి చల్లబడాలి. సముద్రపు గాలికి తడి త్వరగా ఆరదు. మరీ వేడెక్కితే నోరు తెరిచి ఒగరుస్తుంది గానీ, ముక్కు రంధ్రాలు, ఊపిరి దారి ఇరుకైన చప్పిడి ముక్కు పిల్లికి ఆ గాలీ చాలదు. మే నెల కత్తిరి ఎండల్లో మధ్యాహ్నమంతా ఏసీ గదిలో ఉంచాల్సిందే. ఒగర్పు మొదలైతే పాదాలు, పొట్ట మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఐసు నీళ్ళు పోయొద్దు. ఎండాకాలం కదా అని గుండు గీయించేవాళ్ళూ ఉన్నారు. ఇబ్బంది ఊపిరి దారిలో ఉంటే బొచ్చు తీసి ఏం లాభం? బాల్కనీ ఎండకు చర్మం కమిలిపోవడం అదనం.

ఇక అసలు పని, దువ్వడం. రోజూ పది పదిహేను నిమిషాలు పడుతుంది. ముందు పళ్ళు ఎడంగా ఉన్న స్టీలు దువ్వెన, తర్వాత పళ్ళు దగ్గరగా ఉన్నది వాడాలి. పైపైన దువ్వితే వీపు మెరుస్తుంది, అడుగునున్న మెత్తటి నూగు మాత్రం జడ కడుతుంది. అందుకే బొచ్చును పాయలుగా విడదీసి, చర్మం గీతలా కనబడేటట్టు పట్టుకుని, ముందు కొసలు విప్పుకుంటూ కుదుళ్ళ దాకా రావాలి. చిక్కులు మొదట పడేది చంకల్లో, చెవుల వెనక, తొడల లోపల. చిక్కు దొరికితే చిటికెడు కార్న్‌ఫ్లోర్ అద్ది, కుదుళ్ళు లాగకుండా రెండు వేళ్ళతో అదిమిపట్టి, మెల్లగా చీల్చి, దువ్వెన చివరి పళ్ళతో విప్పాలి. కత్తెర అసలు పెట్టొద్దు. చిక్కుతో పాటు పలచటి చర్మం కూడా పైకి లేస్తుంది, తెలియకుండానే తెగుతుంది. విప్పలేనంత బిగిస్తే డాక్టరు దగ్గర మెషీనుతో తీయించడమే.

సంక్రాంతికి ఊరెళుతూ పక్కింటివాళ్ళకు అప్పగిస్తే తిండి పెడతారు, దువ్వరు. పది రోజులకు చంకలు కంబళి ముక్కల్లా తయారవుతాయి.

స్నానం నాలుగైదు వారాలకోసారి చాలు. అదీ చిక్కులన్నీ తీశాకే. నీళ్ళు తగిలితే చిక్కులు ఇంకా బిగుస్తాయి. తర్వాత అడుగు నూగు దాకా ఆరబెట్టాలి. నవంబరు వానల్లో సగం ఆరిన బొచ్చుతో వదిలేస్తే చర్మం పాడవుతుంది. పర్షియన్లకు తామర తొందరగా పట్టుకుంటుంది, పిల్లల చేతులకూ అంటుకుంటుంది. గుండ్రంగా బొచ్చు రాలి పొట్టు లేస్తే ఇంట్లో ఉన్న మన ఆయింట్‌మెంట్ రాయకండి, నాకేస్తుంది. వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, దగ్గర్లోని డాక్టరుకు గానీ చూపించండి. కళ్ళ పుసి రోజూ తడిపిన దూదితో తుడవాలి, కంటికో దూది.

పిల్లికి పెరుగన్నంతో సరిపెట్టే సంగతి చెప్పక తప్పదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఇంట్లో మాంసం వండని వాళ్ళు టారిన్ కలిపిన పూర్తి స్థాయి పిల్లి తిండి కొనాలి, అదీ కుదరదంటే పిల్లి ఆలోచన మానుకోవాలి. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే విషం. పారాసిటమాల్ మాత్ర ముక్కయినా విషమే.

కొనేముందు తల్లిదండ్రులకు పీకేడీ పరీక్ష చేయించారా అని అడగండి. కిడ్నీల్లో నీటి తిత్తులు పెరిగే ఈ జబ్బు పర్షియన్లలో ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఆ జన్యువు వచ్చినా చాలు, లక్షణాలు చాలావరకు నడివయసులో గానీ బయటపడవు. జన్యు పరీక్షకు చెంప లోపలి తడి చాలు, జన్మకోసారి చేస్తే సరిపోతుంది. ‘ట్రిపుల్ కోట్ అండీ, మూడు పొరల బొచ్చు’ అని బొచ్చు నిమిరి చూపించే అమ్మకందారు ఆ రిపోర్టు చూపించలేకపోతే బేరమాడకుండా వచ్చేయండి.