శాలువా వద్దు, సర్వే నంబరు కావాలి

మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఎవరూ సభకు వెళ్లక్కర్లేదు. ముగ్గుల పోటీ, కుర్చీలాట, నలుగురు ఉత్తమ మహిళలకు శాలువా, మెమెంటో. వక్త ఈ రోజును ప్రతిపాదించిన క్లారా జెట్కిన్‌తో మొదలుపెట్టి, మొల్ల మీదుగా కల్పనా చావ్లా దాకా వెళ్లి చప్పట్లు కొట్టించుకుంటాడు. 1917లో ఇదే రోజున పెట్రోగ్రాడ్ ఆడవాళ్లు వీధికెక్కింది రొట్టె కోసం. ఆ మాట కూడా చెబుతారు. మన రొట్టె పండే చేను ఎవరి పేరున ఉందని మాత్రం ఏ సభలోనూ ఎవరూ అడగరు.

స్త్రీల హక్కుల చరిత్రను నేను పట్టాదారు పాస్‌బుక్ దగ్గర నిలబడి చదువుతాను. చదువు వచ్చింది, ఓటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, సర్పంచ్ కుర్చీ కూడా వచ్చింది. అయినా పంచాయతీలో మాట్లాడేది సర్పంచమ్మ మొగుడే. దానికి ఆమె అమాయకత్వమే కారణమని అందరూ తేల్చేస్తారు. ఆ ఇల్లు ఆయనది, చేను ఆయనది, ఎదురు మాట్లాడితే ఆమె నిలబడటానికి గజం జాగా లేదు. ఇక ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

భూమికీ హక్కుకూ ఉన్న లంకె కొత్తదేమీ కాదు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1921లో, బ్రిటిషు పాలనలోని రాష్ట్రాల్లో మొదటగా ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది ఆ రాష్ట్రమే. దాని వెనక 1917లో పుట్టిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ కృషి ఉంది. ఆ సంఘాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన మార్గరెట్ కజిన్స్ మదనపల్లెలో ఉన్నారు. ఆ మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోదే. గర్వపడొచ్చు, తప్పులేదు. కానీ ఆ ఓటు ఆస్తి ఉన్నవాళ్లకే. ఆడవాళ్లకు ఆస్తి ఏదీ? కడప పల్లెలో కూలి చేసుకునే ఆమె ఓటు వేయాలంటే 1952 ఎన్నికల దాకా ఆగాల్సి వచ్చింది. వయసొస్తే చాలు, ఆస్తి అక్కర్లేదని రాజ్యాంగం చెప్పాకగానీ ఆమెకు ఓటు రాలేదు.

ఇప్పుడు చేలోకి వద్దాం. చెనిక్కాయ (వేరుశనగ) పంటలో విత్తనానికి కాయలు వలిచేది ఎవరు? కలుపు తీసేది, చెట్లు పెరికేది, కాయలు కోసేది ఎవరు? మొగోడు గుంటక తోలతాడు, మందు కొడతాడు, మండీకి పోతాడు. వానలు మోసం చేసిన ఏడు ఆదోని, కోసిగి వైపు నుంచి మొగుడూ పెళ్లాం ఇద్దరూ గుంటూరు మిరప తోటలకు సుగ్గికి (వలస కూలికి) పోతారు. పనిలో ఇద్దరూ ఉన్నారు. ఏ చేను ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే ప్రభుత్వ లెక్క అడంగల్‌లో ఉన్నది ఒక్కరే. 'రైతు' అనగానే మన కళ్ల ముందు తలపాగా మనిషే కనబడతాడు, ప్రభుత్వం కళ్లకూ అంతే. ఆ కాగితంలో పేరు లేకపోతే పంట రుణానికీ, నష్టపరిహారానికీ ఆమె ఎవరికీ లెక్కలోకి రాదు. అప్పులకు తాళలేక రైతు ఉరేసుకున్న ఇంట్లో ఇది ఇంకా దారుణంగా బయటపడుతుంది. పాస్‌బుక్ మామ పేరున ఉంటుంది, అప్పులోళ్లు మాత్రం కోడలి గడప తొక్కుతారు.

ఉమ్మడి కడప జిల్లా నుంచి ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్ పోయిన ఆడవాళ్ల సంగతి చూడండి. అక్కడ అరబ్బు ఇంట్లో వంటా వార్పూ చేసి, పిల్లల్ని సాకి, నెలనెలా డబ్బు పంపిస్తారు. ఊళ్లో ఆ డబ్బుతో ఇంటి స్థలం కొంటారు, రెండెకరాలు కొంటారు. రిజిస్టర్ ఆఫీసులో వేలిముద్ర వేసేది ఎవరో అడిగి చూడండి.

కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. భర్త చితిలో కాలిపోయిన తిమ్మమ్మ పుణ్యాన ఆ చితి గుంజే చిగురించి మాను అయిందని కథ. గిన్నిస్ బుక్‌కెక్కిన ఆ మాను నీడ దాదాపు ఐదెకరాలు. పిల్లల్లేని వాళ్లు మొక్కుకుంటారు, బస్సుల్లో జనం వస్తారు. మొగుడితో పాటు కాలి చచ్చిన ఆడమనిషికి ఈ నేల ఐదెకరాలు రాసిచ్చింది. మొగుడు పోయాక పిల్లల్ని సాకుతూ బతికిన వాళ్లకు ఎంత ఇచ్చిందో ఆ చుట్టుపక్కల ఊళ్లలో భూమి ఎవరిదో చెప్పే 1బీ రికార్డు తీసి చూస్తే తెలుస్తుంది. పూజకూ హక్కుకూ ఉన్న దూరం ఇదే.

చట్టం లేదా అంటే, అందరికంటే ముందు మనకే వచ్చింది. హిందూపురం ఓటర్లు గెలిపించిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్ హయాంలో, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన భాగం ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం ఆ గోడనూ పడగొట్టింది. చట్టాలకేం కొదవ లేదు. కొదవంతా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో ఉంది. అన్నదమ్ముల వెంట వచ్చిన అక్కచెల్లెళ్లు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి, ఒక చీర పట్టుకుని ఊరికి పోతారు. "భాగం అడిగితే పుట్టింటి గడప తొక్కలేవమ్మా" అని అమ్మే చెబుతుంది. ముస్లిం ఇళ్లలో కొడుకు వాటాలో సగం కూతురిదని షరియత్ చెబుతున్నా, ఆ సగానికీ చాలాచోట్ల ఇదే గతి.

ఇక్కడొక వాదన ఉంది, దాన్నీ వినాలి. కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, పురుళ్లు పోశాం, కొడుకు ముసలాళ్లను చూసుకుంటున్నాడు, ఉన్న నాలుగెకరాలను ముక్కలు చేస్తే ఎవరికీ కాకుండా పోతుందని. ముసలాళ్లను చూసేది కోడలు, అంటే ఇంకొకరి కూతురు. ముక్కల భయం నలుగురు కొడుకులు పంచుకునేటప్పుడు ఎవరికీ రాదు. ఇక కట్నం. 1961 చట్టం కట్నాన్ని నేరమంది. ఎవరైనా తీసుకుంటే అది ఆ అమ్మాయికే చెందాలని అందులో ఆరో సెక్షన్ చెబుతుంది. మామగారి అప్పు తీర్చడానికో, ఆడబిడ్డ పెళ్లికో పోయిన కట్నాన్ని ఆమె వాటాగా లెక్కకట్టడం ఏ న్యాయం?

ఈ వాదన సీమవాళ్ల నోట వింటే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. 1937 నవంబర్ 16న మద్రాసులో శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తా నాయకులతో కూర్చుని, నీళ్లలో మనకు మొదటి హక్కని రాసుకున్నాం. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, మూడేళ్లకే హైదరాబాదు పోయింది. నీళ్ల సంగతి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. అడిగినప్పుడల్లా అవతలివాళ్లు ఏమంటున్నారు? "మీకు చాలా ఇచ్చాం కదా, అందరం ఒకటే కదా, ఇంట్లో వాటాలేంటి?" కాగితం మీద రాసుకున్న భాగాన్ని ప్రేమ పేరు చెప్పి ఎగ్గొట్టడం ఎలా ఉంటుందో మనకు చెప్పాల్సిన పనిలేదు. అనంతపురం క్లాక్ టవర్ దగ్గర కృష్ణా జలాల్లో వాటా కోసం గొంతు చించుకునే పెద్దమనిషి, సాయంత్రం ఇంటికి పోయి చెల్లెలి చేత సంతకం పెట్టించుకుంటే ఆ ఉద్యమానికి నైతిక బలం ఎక్కడిది? సీమ హక్కుల సంఘాల డిమాండ్ల జాబితాలో ఆడబిడ్డ వాటా లేనంతకాలం, ఆ జాబితా సగం సీమదే.

వరండాలో కూర్చున్న ఆడవాళ్లకు ఒక సంగతి ఎవరూ చెప్పడం లేదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాల పత్రం, అంటే పారీఖత్తుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను కదపలేం. పెద్దమనుషులు రచ్చబండ మీద కూర్చుని నోటిమాటగా చేసిన పంపకాన్ని మాత్రం, గట్టి ప్రభుత్వ పత్రాల ఆధారం ఉంటే తప్ప, కోర్టు సులువుగా ఒప్పుకోదు. సీమ పల్లెల్లో నోటిమాట పంపకాలు ఎన్ని జరిగాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సంతకం పెట్టేసిన వాళ్ల దారి కష్టమే. ఇంకా పెట్టని వాళ్లు ఈసారి అన్న ఫోన్ చేసి రమ్మన్నప్పుడు, చీర సంగతి తర్వాత, ముందు 1బీ నకలు చూపించమని అడగాలి.